ఏరు దాటాక

మా వంటింట్లో ఒక పీట ఉంది. చూడ్డానికి ఏమంత బాగోదు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. మధ్యలో రెండు మేకుల చిల్లులు. అంచుల్లో ఎంత తోమినా వదలని నల్లటి జిడ్డు. దాని మీద కూచుని కూరలు తరుగుతూంటే అది నన్ను నెమ్మదిగా కుడివైపుకి ఒరగదీస్తుంది. "కొంపదీసి ఇల్లే ఒరిగిపోతోందేమోనే!" అంటారు మా వారు.

2024 శ్రావణంలో వంటిల్లు బాగుచేయించాం. గచ్చు మారింది, గట్టు మారింది, అలమరలు మారాయి. ఆఖరికి మా వారి కన్ను ఆ పీట మీద పడింది.

"అన్నీ మార్చాం గదా, దీన్ని కూడా పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా?"

"ససేమిరా" అన్నాను.

"అంత పట్టుదల దేనికి? మీ పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారమా ఏమన్నానా?"

"బంగారమే" అన్నాను.

ఆయన నవ్వారు. మీరూ నవ్వే ఉంటారు. ఆ నవ్వుకి జవాబే ఈ నాలుగు ముక్కలూ.

మేమిలా వాదించుకుంటుండగానే మా అమ్మాయి ఫోను పట్టుకొచ్చింది. "అమ్మా, పడవల పిచ్చి నీ ఒక్కదానికే అనుకున్నాను. ఇంకా ఉన్నారు, చూడు" అంది. ఇంగ్లండులో కోనిస్టన్ అని ఒక సరస్సు ఉంది. దాని మీద తిరిగే 'గొండోలా' అనే ఆవిరి పడవ బొమ్మ అది. 1859లో నీళ్ళలోకి దిగిందట. 1936 దాకా జనాన్ని ఎక్కించుకుని తిరిగి, ఆ తరవాత పని మానేసింది. కొన్నాళ్ళు ఎవరో దాన్ని నీటిమీద ఇల్లుగా వాడుకున్నారు. 1960లలో ఓ చలికాలపు గాలివాన దాన్ని ఒడ్డుకి విసిరికొట్టింది. అక్కడే పాడుపడి ఉంటే, నేషనల్ ట్రస్టు వాళ్ళు పూనుకుని, ఇంచుమించు కొత్తగా కట్టినంత పనిచేసి, 1980లో మళ్ళీ ప్రయాణికుల్ని ఎక్కించారు. ఆ సరస్సు ఒడ్డునే రస్కిన్‌గారి ఇల్లు. గాంధీగారు రైల్లో చదివి జీవితమే మార్చుకున్న పుస్తకం రాసిన రస్కిన్! బి.ఏ.లో ఆయన పేరు బట్టీ పెట్టాను గానీ, ఆయన ఇంటి ముందునుంచి పడవ తిరిగేదని ఎవరూ చెప్పలేదు.

ఎంత అదృష్టవంతురాలో ఆ పడవ, అనుకున్నాను. వయసు నూరేళ్ళు దాటాక కూడా తలుచుకునేవాళ్ళు దొరికారు.

మా పడవకీ అలాంటి అదృష్టం పట్టింది. ఒక్కసారి.

మాది ఇప్పుడు తాడేపల్లిగూడెం. అమ్మమ్మ ఊరు మాత్రం కొల్లేటి నడుమ ఒక లంక. కొల్లేట్లో లంక గ్రామాలు 46, చుట్టూ ఒడ్డు గ్రామాలు 76 అని లెక్క చెబుతారు. ఆ నలభై ఆరింట్లో అదొకటి. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు ఈ పేజీ చదివి, "మా ఇంటి గుట్టు పత్రికకెక్కించావా?" అని నిలదీస్తారు.

గోదావరి జిల్లాలవాళ్ళకి పడవ ప్రయాణం కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలొచ్చాయి. కాలువలతో బాటు పడవలూ వచ్చాయి. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన ఏలూరు కాలువ నిడదవోలు, మా గూడెం దాటుకుంటూ ఏలూరు చేరుతుంది. బెజవాడ నుంచి కృష్ణ నీళ్ళు తెచ్చే కాలువా అక్కడికే వస్తుంది. రెండు నదులూ ఏలూరులో వియ్యమందాయన్నమాట. ఆ కాలువల మీద రాదారి పడవలుండేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. లాకుల దగ్గర ఆగడం, అక్కడ వేడి వేడి పెసరట్లు తినడం, పడవలో చేపలాగా సర్దుకుని పడుకుని, తెల్లారేసరికి ఇంకో ఊరు చేరడం గురించి మా తాతమ్మ కథలు కథలుగా చెప్పేది. బస్సులొచ్చాయి, ఆ పడవలు పోయాయి. 2008లో ప్రభుత్వం ఈ కాలువనే నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. పేపర్లో చదివి సంతోషించాను. సాయంత్రం కాలువగట్టు మీదికి వెళ్ళి చూస్తే గుర్రపుడెక్క పూలు పూసి ఉంది.

ఇక కొల్లేరు సంగతి వేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏళ్ళన్నీ వచ్చి అందులో పడతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలం సముద్రం, ఎండాకాలం మోకాలిలోతు బురద. నీళ్ళలో మనిషికన్నా ఎత్తు కిక్కిస గడ్డి, దాని మధ్య పడవ పట్టేటంత దారి. నీటికాకులు ముక్కు ముందునుంచే మునిగి, ఎక్కడో తేలతాయి. గూడబాతులు పంతుళ్ళలాగా సంచి వేలాడేసుకుని గంభీరంగా సాగిపోతాయి. మగవాళ్ళు తాటిదోనె మీద నిలబడి ఎక్కడికైనా పోతారు. రెండు దోనెలు కలిపి కడితే సంగడి. గడ్డీ, ధాన్యం మోపుకెళ్ళడానికి అది చాలు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, చంకలో పిల్లనీ చేతిలో సంచినీ పట్టుకుని దోనె ఎక్కమంటే మాత్రం ఎవరివల్లా కాదు. మీరే ఎక్కి చూడండి.

అందుకే మా ఊరికి పెద్ద పడవ. టేకు పలకలది, ముప్ఫైమంది పట్టేది. నడుపుతున్నతన్ని అందరూ 'సరంగు' అనేవాళ్ళు. కుర్రతనంలో కాలువ లాంచీ మీద పనిచేశాడట. లాంచీ పోయినా పేరు మిగిలింది. అసలు పేరేమిటో ఆయన భార్యకి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ చెప్పదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఒడ్డు రేవుకి నడిపేవాడు. అక్కడ దిగి బస్సెక్కితే ఏలూరు.

ఆ పడవ ఆడవాళ్ళది. ఈ మాట ఊరికే అనడం లేదు. పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళేది అందులో. పురిటికి తిరిగొచ్చేది అందులో. ఫాల్గుణమాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి పసుపుకుంకాలు పట్టుకుని ముత్తయిదువలంతా వెళ్ళేది అందులో. పుట్టింటికొచ్చే ఆడపిల్ల దగ్గర మొదటిసారి సరంగు కేవు పుచ్చుకునేవాడు కాదు. "తిరిగెళ్ళేటప్పుడు రెండింతలు తీసుకుంటాలే అమ్మా" అనేవాడు. తిరిగెళ్ళేటప్పుడు ఏడుస్తూ కూచున్న పిల్లని చూసి అదీ అడిగేవాడు కాదు.

జాతరకెళ్ళేటప్పుడు అమ్మమ్మ ఒక కథ చెప్పేది. అమ్మమ్మ కబుర్లంటే నిజంగా కొల్లేటి చాంతాడే. ఈ కథ మాత్రం పొట్టిగా చెప్పి ఊరుకునేది. వెనకటికి గజపతుల కోట ఉండేదట ఆ లంకలో. శత్రువులు వచ్చి, చుట్టూ నీళ్ళుండడంతో కోట అందక, నీళ్ళు సముద్రానికి పోయేలా ఉప్పుటేరు తవ్వారట. అది తెగి పారడానికి సేనాని తన కూతుర్నే బలిచ్చాడట. ఆ చోటికి పేరంటాల కనుమ అని పేరు. "నీళ్ళు పోవడానికి కూతుర్నిచ్చాడు, ఏం తండ్రే!" అని అమ్మమ్మ నీళ్ళకేసి చూస్తూ కూచునేది. ఆ మాట నాకు అప్పట్లో అర్థం కాలేదు.

1990 వేసవి సెలవులు. నాకు పదేళ్ళు. పిన్ని తొలి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. మే 9న తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. 1977 దివిసీమ ఉప్పెన పీడకల జనాన్ని వదల్లేదు గనక, ఈసారి లక్షమందికి పైగా ముందుగానే ఖాళీ చేయించారు. అయినా 900 మందికి పైగా పోయారు. మా లంకలో ప్రాణనష్టం లేదు. కప్పులు లేచిపోయాయి. కొబ్బరిచెట్లు విరిగాయి. రాత్రంతా ఆ గాలి హోరుకి అమ్మమ్మ పిన్ని పొట్ట మీద చెయ్యి వేసుకుని కూచుంది, ఆ చెయ్యి తియ్యలేదు.

తెల్లారి చూస్తే పడవ రేవులో లేదు. మోకు తెంపుకుని పోయి, ఊరవతల గట్టు మీద బోర్లా పడి ఉంది. పైన తుమ్మచెట్టు. ఒక పక్క పలకలు నాలుగైదు పగిలిపోయాయి. లోపల పక్కటెముకల్లాంటి వంపు కర్రలు బయటికి పొడుచుకొచ్చాయి. సరంగు దాని పక్కన కూచుని, ఒళ్ళు నిమిరినట్టు పలకల్ని నిమురుతున్నాడు. మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

అంతదాకా మోకాలిలోతున్న కొల్లేరు రెండ్రోజుల్లో కడలి అయిపోయింది. నడిచిపోయే దారి లేదు. మగవాళ్ళు దోనెల మీద వెళ్ళి బియ్యం, కిరసనాయిలు తెచ్చుకుంటున్నారు. రోజులు గడిచిపోతాయిలే అనుకున్నారు. పంచాయతీ అరుగు మీద పెద్దలు కూచుని, ఈ పడవ బాగుచెయ్యడం దండగ, వానలు తగ్గాక చూద్దాం అన్నారు. వాళ్ళ మాటా నిజమే. ఒక్కొక్కళ్ళకీ ఇల్లు కప్పుకోవాలి, గొడ్డుకి గడ్డి చూసుకోవాలి. పగిలిన పడవ మీద డబ్బు పెట్టేదెవరు?

అమ్మమ్మ ఎన్నడూ ఆ అరుగు దాకా వెళ్ళిన మనిషి కాదు. ఆ రోజు వెళ్ళింది. కొంగు నిండా కప్పుకుని, స్తంభం పక్కన నిలబడి, "వానలు తగ్గేదాకా పురుడు ఆగుతుందా?" అని ఒక్కమాట అడిగి వచ్చేసింది. ఆ ఊళ్ళో అప్పుడు నెలలు నిండినవాళ్ళు మా పిన్నితో కలిపి ముగ్గురు.

చందాలు పోగయ్యాయి. ఎవరి శక్తికొలదీ వాళ్ళు ఇచ్చారు. చాలలేదు. చాలలేదని ఊరంతా అనుకున్నారు. వారం తిరక్కుండానే ఏలూరు కర్రల అడితి నుంచి టేకు పలకలు వచ్చేశాయి. ఒడ్డు దాకా ఎడ్లబండి మీద, అక్కణ్ణించి సంగడి మీద. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు చూడండి, దాన్ని కళ్ళారా చూశాను. డబ్బు ఎలా సరిపోయిందని ఎవరూ అడగలేదు. పెద్దింట్లమ్మే చూసుకుందన్నారు.

తాళ్ళరేవు వైపు నుంచి పడవలు కట్టే మేస్త్రి వచ్చాడు. పిల్లలమంతా ఆయన చుట్టూనే. చెట్టు తీసి, పడవని దుంగల మీదికి ఎక్కించాడు. పుచ్చినవీ పగిలినవీ పీకేశాడు. మొండి తుమ్మకర్రని వంపు చూసి కోసి లోపల బిగించాడు. కొత్త పలకల్ని ఒకదాని అంచుకి ఒకటి ఒరిపిడి లేకుండా చెక్కి కూర్చాడు. అసలు పని అప్పుడు మొదలైంది. ప్రతి సందులోనూ నూనెలో తడిపిన దూది కూరి, ఉలితో మెల్లగా కొట్టి దిగేశాడు. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచి, వేడి వేడిగా పూశాడు. ఊరంతా ఆ వాసనే. "పడవ పలకల మీద తేలదమ్మా, సందుల్లో దూది మీద తేలుతుంది" అన్నాడాయన. ఆ దూది కోసం ఆడవాళ్ళు పాత పరుపులు విప్పి ఇచ్చారు. అందుకే ఆ పడవ ఆడవాళ్ళదని మళ్ళీ అంటున్నాను.

ఆ రోజుల్లోనే నేనొకటి గమనించాను. అమ్మమ్మ పప్పు రుబ్బుతుంటే ఎప్పుడూ వినపడే చప్పుడు వినపడ్డం లేదు. ఆవిడ చేతికి రెండు జతల బంగారుగాజులుండేవి. రోలు దగ్గర అవి గలగలలాడేవి. ఇప్పుడు మట్టిగాజులు.

"గాజులేవీ అమ్మమ్మా?"

"చేతులు వాచాయే, బిగుతయ్యాయి. తీసి దాచాను."

పదేళ్ళ పిల్లని. నమ్మాను.

ఇరవై రోజులు పట్టింది. పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి పడవని నీళ్ళలోకి తోశారు. రెండ్రోజులు నీళ్ళలో ఉంచి చెక్క నాననిచ్చారు. నానితేనే సందులు బిగుస్తాయట. మూడోరోజు మధ్యాహ్నం మొదటి కేవు. నలుగురైదుగురు తప్ప ఎవరూ ఎక్కలేదు. పగిలి అతుక్కున్నదాని మీద ఎవరికి నమ్మకం? అందరికన్నా ముందు ఎక్కి కూచున్నది అమ్మమ్మ. అవతలి రేవులో ఆవిడకి ఏ పనీ లేదు. వెళ్ళి, మజ్జిగ తాగి, అదే పడవలో తిరిగొచ్చింది.

ఆ తరవాత నాలుగో రాత్రి పిన్నికి నొప్పులొచ్చాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, నావల్ల కాదంది. పడవలో పరుపు వేసి పిన్నిని పడుకోబెట్టారు. సరంగూ, ఆయన కొడుకూ చెరో పక్కన గెడలు పట్టారు. ముందు ఒకళ్ళు లాంతరు పట్టుకుని కిక్కిసలో దారి చూపిస్తూ దోనె మీద వెళ్ళారు. నేను రేవులో నిలబడి, ఆ వెలుతురు చిన్నదై చిన్నదై ఆరిపోయేదాకా చూశాను. తెల్లారేసరికి వాళ్ళు ఏలూరు ఆసుపత్రి చేరారు. మధ్యాహ్నం ఆపరేషను చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఇవాళ దాని కూతురు బళ్ళో చదువుతోంది.

కథ ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండును! కాని నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గుగా ఉన్న భాగం ఇప్పుడే మొదలవుతుంది.

కొల్లేట్లో చేపల చెరువులు 1970లలోనే మొదలయ్యాయి. పేదవాళ్ళకి సహకార సంఘాల పేరుతో ఇచ్చినవి కొన్ని. తరవాత డబ్బున్నవాళ్ళ కన్ను పడింది. నా కాలేజీ రోజులకి సరస్సంతా గడులు గీసినట్టు గట్లు లేచాయి. మా మావయ్యా ఊరివాళ్ళతో బాటు చెరువు వేశాడు. ఏడాది తిరిగేసరికి ఇంటికి పెంకులు పోయి డాబా వచ్చింది. ఆ చెరువు డబ్బుతోనే నేను ఏలూరు సెయింట్ థెరిసా కాలేజీలో బి.ఏ. చదివాను. హాస్టలు ఫీజు మావయ్యే కట్టేవాడు. సెలవులకి వెళ్ళేటప్పుడు సరంగు, "దారి మూసుకుపోతోందమ్మా. మొన్నటిదాకా తిన్నగా పోయేవాణ్ణి. ఇప్పుడు గట్లు చుట్టి పోవాలి" అనేవాడు. నేను చేతిలో నవల మీదనుంచి తల ఎత్తకుండా, "అయ్యో, అలాగా" అనేదాన్ని.

కొన్నాళ్ళకి గట్ల మీద రోడ్డు పడింది. ఆటోలొచ్చాయి. పడవ ఎక్కేవాళ్ళు తగ్గి తగ్గి, ఒకరోజు ఎవరూ రాలేదు. నీళ్ళున్నాయి. దారి లేదు. పడవ రేవులో అలాగే ఎండింది. ఎండితే సందులు విచ్చుకుంటాయి. దూది బయటికొచ్చింది. దాన్ని మళ్ళీ కూరేవాళ్ళు లేరు.

1999లో కొల్లేరుని అభయారణ్యం చేశారు. అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ప్రపంచం కాపాడుకోవలసిన చిత్తడినేలల్లో ఒకటన్నమాట. అదే 2002లో, మావయ్య చెరువు ఇంకా నిక్షేపంలా ఉండగా, నా పెళ్ళయింది. లంకలోనే. వేలమంది భోజనాలు. గాడిపొయ్యిలకి కట్టెలు చాల్లేదు. వంటవాళ్ళు రేవులోకి వెళ్ళి, "ఈ ఎండిన పడవ ఎవరిది? కొట్టుకోమంటారా?" అని అడిగారు. మావయ్య సరే అన్నాడు. సరంగు రేవుకి రాలేదు. నేను పెళ్ళికూతురిని, పీటల మీద ఉన్నాను. నాకు వినపడింది, గొడ్డలి చప్పుడు. అది దేని చప్పుడో కూడా తెలుసు. చేతికి కంకణం, నుదుట బాసికం, నేనేం మాట్లాడగలను అనుకున్నాను. మాట్లాడగలను. మాట్లాడలేదు.

అమ్మమ్మ వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడిందట. ఒక్క చెక్కముక్క మాత్రం తీసుకుని వచ్చింది. తరవాత దాన్నే పీట చేయించి, నా సారెలో పెట్టింది. "ఇదేం సారె అమ్మా, సిగ్గుపోతుంది" అంది మా అమ్మ. అమ్మమ్మ ఏమీ అనలేదు.

2011లో అమ్మమ్మ పోయింది. పదోరోజు నాటికి పెట్టె తీశారు. గాజులు లేవు. మా అమ్మా, పిన్నీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కలిసి అత్తయ్య మొహం చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడంలోనే ఎన్ని మాటలుంటాయో మనకి తెలీదూ? "పెట్టె తాళం నీ దగ్గరే ఉండేది గదా వదినా" అంది మా అమ్మ చివరికి. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చాడు సరంగు. కళ్ళు సరిగా కనపడవు, మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో కూచుని, సంగతి విని, నెమ్మదిగా అన్నాడు.

"ఆ గాజులు పెట్టెలో ఉండవమ్మా. పడవలో పోయాయి. నేనే ఏలూరు తీసుకెళ్ళి అమ్మి, చెక్క కొన్నాను. తుపానేడు. ఎవరికీ చెప్పకని అమ్మగారు ఒట్టేయించుకున్నారు. ఆ ఒట్టు ఇవాళ ఆవిడతో పోయింది."

పిన్ని అక్కడే కూలబడింది. మా అమ్మ లేచి వెళ్ళి, కాఫీ కలిపి, పెరట్లో ఉన్న అత్తయ్యకి స్వయంగా ఇచ్చి వచ్చింది. మా ఇళ్ళల్లో క్షమాపణ అలాగే అడుగుతారు.

నాకు మాత్రం పులిహోర గుర్తొచ్చింది. నా పెళ్ళి పులిహోర. అమ్మమ్మ గాజులు ఆ పొయ్యిలో కాలాయి. ఆవిడ నిలబడి చూసింది. ఒక్క మాట అంటే మావయ్య ఆపేసేవాడు. మరి ఎందుకనలేదు? ఎన్నో ఏళ్ళు ఆలోచించాను. బహుశా ఆవిడ లెక్కలో ఆ పడవ పని ఆ రాత్రే పూర్తయింది. పిన్ని బతికింది, పిల్ల బతికింది. గాజుల ఖరీదు వచ్చేసింది. మిగతాదంతా కట్టెలే. చెప్పుకుంటే చేసిన పని చిన్నదవుతుందనుకుందో ఏమో.

ఆవిడకి కట్టెలు కావచ్చు. మనకి కాకూడదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అన్న సామెత చిన్నప్పుడు కాపీ పుస్తకంలో పదిసార్లు రాశాను. అది నన్ను గురించే అని ఎవరూ చెప్పలేదు.

2006లో ప్రభుత్వం యంత్రాలతో వచ్చి గట్లు తవ్వేసింది. మావయ్య చెరువూ పోయింది. ఆయన మంచం పట్టాడు. చెరువు పనిమీద బతికే కూలీల సంగతి చెప్పనక్కర్లేదు. కొల్లేరు బాగుపడాలని నేను వ్యాసాలు రాయగలను. కానీ నా చదువుకీ పెళ్ళికీ డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో మరిచి రాయలేను. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

ఇక 2024 సంగతి. వంటింటి పీట గురించి మాటలు జరిగిన వారం తిరక్కుండానే, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడని ముంచేసింది. ఆ నీళ్ళన్నీ కొల్లేటికే గదా రావాలి! వచ్చాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళెక్కాయి. రాకపోకలు ఆగాయి. మావయ్య కొడుకు ఫోను చేశాడు.

"అక్కా, మనూరి రోడ్డు కనపడ్డం లేదు. చేపలకి మేత చల్లే పడవల్లో జనాన్ని దాటిస్తున్నాం. ఇందాక ఒకతను మోటారుసైకిలు కూడా పడవెక్కించాడు."

బండి మళ్ళీ ఓడెక్కిందన్నమాట!

"ఆడవాళ్ళు?"

"అదే చిక్కు. ఆ చిన్న పడవల్లో ముసలివాళ్ళూ, కడుపుతో ఉన్నవాళ్ళూ కూచోలేకపోతున్నారు. నీళ్ళు తగ్గాక ఊరికి ఒక పెద్ద పడవ తెచ్చి రేవులో పెట్టుకుందామనుకుంటున్నాం. రోడ్డున్నన్నాళ్ళు ఊరికే ఉంటుంది. ఉండనీ. నువ్వూ ఏదన్నా చందా వేస్తావేమోనని..."

ఉండనీ, అన్న ఆ ఒక్కమాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొండోలాని బాగుచేసినవాళ్ళు కూడా ఇదే అని ఉంటారు. కాకపోతే వాళ్ళది ప్రేమ, మావాళ్ళది అవసరం. ప్రేమతో బతికే పడవలూ ఉంటాయి. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి పిల్లల్ని పడవెక్కించి తిప్పుతారు. మా అమ్మాయిని తీసుకెళ్ళాను, ఎంతో సంబరపడింది. తప్పులేదు. కానీ పడవకి అసలు గౌరవం దాని అవసరం గుర్తున్నచోట. ఎండినప్పుడు కూడా సందుల్లో దూది కూరి ఉంచేచోట. గాలివాన చెప్పి రాదు, నొప్పులూ చెప్పి రావు.

ఫోను పెట్టేసి నా చేతులకేసి చూసుకున్నాను. గాజులు అమ్మే అవసరం నాకు రాలేదు. బ్యాంకులో నా నవలల డబ్బుంది. ఫోను మీద నాలుగు నొక్కులు నొక్కితే వెళ్ళిపోయింది. అమ్మమ్మ చేసినదానితో పోలిస్తే ఇది ఏపాటి? బాకీలో వడ్డీ కూడా కాదు.

ఆ రాత్రి మా వారికి ఇదంతా చెప్పాను. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా చెప్పని సంగతి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఎంత పంపావు?" అన్నారు. చెప్పాను. "దానికి ఇంకో అంత నా పేర వెయ్యి. ఆ పులిహోర నేనూ తిన్నాను గదా" అన్నారు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే, పీట కుడికాలి కింద మడతపెట్టిన గుడ్డముక్క ఉంది. ఒరగకుండా సర్దారు. కూచుని చూశాను. తిన్నగానే ఉంది.

ఆయన ఆఫీసుకెళ్ళాక గుడ్డ తీసేశాను. నాకు ఆ ఒరుగు అలవాటు. పడవలో కూచున్నట్టే ఉంటుంది.